కాంక్రీటు గోడలో ఇన్-వాల్ స్పీకర్లు: ఒక ఫ్లాట్ కేస్ స్టడీ

ఇన్-వాల్ స్పీకర్, అంటే గోడలోకి దించి బిగించే స్పీకర్ కొంటే మన చేతికొచ్చేది సగం స్పీకరే. శబ్దం పుట్టించే కోన్లు, సన్నటి శబ్దాలకి ట్వీటర్, శబ్దాన్ని వాటికి పంచే క్రాసోవర్, ముందు జాలీ అన్నీ ఉంటాయి, వెనక బాక్స్ మాత్రం ఉండదు. ఆ బాక్స్ పని గోడ చేయాలి. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కి కంపెనీవాళ్ళే లీటర్ల లెక్కన బాక్స్ కట్టి పంపిస్తారు. ఇన్-వాల్‌కి ఆ బాక్స్ కట్టేది మన ఊరి జిప్సమ్ పనివాళ్ళు, కార్పెంటర్లు. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "ఏ బ్రాండ్ తీసుకోమంటారు?" అని అడిగితే, ముందు మీ గోడ దేంతో కట్టారో చెప్పండి అంటాను. ఈ మధ్య పూర్తి చేసిన ఒక పని మొదటినుంచి చివరిదాకా రాస్తే ఎందుకలా అంటానో అర్థమవుతుంది.

హైదరాబాద్ పడమటి వైపు ఒక హైరైజ్‌లో ఫ్లాట్. రిటైరైన లెక్చరర్, ఆయన భార్య ఉంటారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. కిందటి సారి వచ్చినప్పుడు ఏడు స్పీకర్లు సామానులో పెట్టుకొచ్చాడు. ముందు గోడకి మూడు, సీలింగ్‌కి నాలుగు. హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, వెనక భాగం డైనింగ్. ఒక పక్క బాల్కనీ గాజు తలుపులు, ఇంకో పక్క గోడ సోఫా దాకా వచ్చి ఆగిపోయి కిచెన్ వైపు తెరుచుకుంటుంది. కింద విట్రిఫైడ్ టైల్స్.

ఎవరి కోరిక వాళ్ళది. మాస్టారికి ఘంటసాల, బాలమురళి బాగా వినపడాలి. మేడమ్‌కి టీవీలో మాటలు తేటగా అర్థమవ్వాలి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లో కొట్టుకుపోకూడదు. కొడుక్కి డాల్బీ అట్మాస్, అంటే సినిమా శబ్దం నెత్తి మీదనుంచి కూడా వచ్చే ఏర్పాటు కావాలి. సెలవులకొచ్చే మనవడికి అందేలా నేలమీద డబ్బాలు ఉండకూడదన్నది అందరి మాటా.

అసలు చిక్కు గోడ

గోడ చూడగానే అనుమానమొచ్చింది. వేలి కణుపుతో కొడితే ఎక్కడా గుల్ల శబ్దం లేదు, అంతటా ఒకటే మొద్దు మోత. ఏసీ పైపు కోసం వేసిన రంధ్రం దగ్గర చూస్తే బూడిద రంగు పొడి రాలి ఉంది. ఇటుక అయితే ఎర్ర పొడి, ఏఏసీ బ్లాక్ (గాలి బుడగలున్న తేలిక సిమెంటు దిమ్మ) అయితే లేత రంగు మెత్తని పొడి వస్తుంది, డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. బూడిద పొడి వచ్చి, హామర్ డ్రిల్ కూడా మొరాయించిందంటే కాంక్రీటే. మాస్టారి దగ్గరున్న హ్యాండోవర్ డ్రాయింగులు చూస్తే ఖాయమైంది. మైవాన్ కట్టుబడి, టీవీ గోడ 160 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ, అంటే ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు.

మైవాన్ అంటే అల్యూమినియం ఫారాలు బిగించి గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోసే పద్ధతి. ఇందులో గోడ అడ్డంగా నిలబడే తెర కాదు, బిల్డింగ్ బరువు మోసే అవయవం. లోపల ఇనుప కడ్డీల జాలీ ఉంటుంది. స్పీకర్ దిగాలంటే 95 మిల్లీమీటర్ల లోతు కావాలి, అంటే గోడ మందంలో సగానికి పైనే. మాకంటే ముందు వచ్చి చూసిన ఒకాయన మెషీన్ పెట్టి కోసేస్తాం, ఒక్క పూట పని అన్నాడట. ఆ మాట విని నాకు నిజంగా భయమేసింది.

"మాస్టారూ, ఈ గోడ మీ ఒక్కరిది కాదండీ. పైన ఉన్న అంతస్తుల బరువు దీని మీదుగానే దిగుతోంది. దీన్ని కోయడానికి నేను ఒప్పుకోను, ఇంకెవరినీ ఒప్పుకోనివ్వకండి" అన్నాను.

"మరి మావాడు తెచ్చినవి ఏం చెయ్యను బాబూ?" అన్నారాయన.

ఆ స్పీకర్లలో లోపమేమీ లేదు. అవి వేరే గోడ కోసం పుట్టాయి, అంతే. అమెరికాలో మామూలు ఇంటి లోపలి గోడ అంటే చెక్క నిలువు కట్టెలు, వాటికి రెండు వైపులా అర అంగుళం బోర్డు. కట్టె లోతు మూడున్నర అంగుళాలు. ఒక కట్టె మధ్య నుంచి పక్క కట్టె మధ్యకి 16 అంగుళాలు, అంటే నడుమ ఖాళీ పద్నాలుగున్నర. ఎనిమిది అడుగుల ఎత్తు గోడలో అలాంటి ఒక్కో ఖాళీలో సుమారు 75 లీటర్ల గాలి ఉంటుంది. ఇన్-వాల్ స్పీకర్ తయారుచేసే ఇంజనీర్ మనసులో ఉండేది ఆ ఖాళీయే. లోతు నాలుగు అంగుళాలు దాటకపోవడం, బోర్డుని వెనకనుంచి పట్టుకునే ప్లాస్టిక్ చెవులు, సన్నటి అంచు అన్నీ దాని కోసమే. మన ఇంట్లో ఆ ఖాళీ లేదు, కాబట్టి కట్టుకోవాలి.

ఇటుక గోడ అయితే దారి వేరు. తొమ్మిది అంగుళాల గోడలో కొత్తగా కట్టేటప్పుడే గూడు వదిలించుకోవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలో గూడు అడగకండి, వెనక మిగిలేది పెచ్చే. ఏఏసీ బ్లాకు గోడ ఎనిమిది అంగుళాలుంటే కట్టర్‌తో నెమ్మదిగా కోసి గూడు తీయొచ్చు, సుత్తి దెబ్బలు వేస్తే మాత్రం బీటలిస్తుంది. ఏ గూడైనా లోపల ప్లై బాక్స్ పెట్టి దానికే స్పీకర్ బిగించాలి. ఆ ప్లాస్టిక్ చెవులు ఇటుకని పట్టుకోలేవు.

మాస్టారికి రెండు దారులు చెప్పాను. ఒకటి, ఈ స్పీకర్లు పక్కన పెట్టి గోడకి తగిలించే సన్నటి ఆన్-వాల్ స్పీకర్లు కొనడం. ఖర్చు కొత్తదే అయినా పని తక్కువ, శబ్దంలో లోటుండదు. రెండోది, టీవీ గోడ ముందు జిప్సమ్‌తో ఇంకో గోడ కట్టడం. హాల్లో అయిదున్నర అంగుళాలు పోతుంది. ఇంటీరియర్ వాళ్ళు ఎలాగూ టీవీ వెనక నాలుగంగుళాల ప్యానెల్ వేస్తామని డ్రాయింగ్ ఇచ్చి ఉన్నారు కాబట్టి, అదనంగా పోయేది ఒకటిన్నర అంగుళమే. అలా రెండోదే ఖాయమైంది. ఆ ప్యానెల్ లేకపోయి ఉంటే నేను మొదటి దారే గట్టిగా చెప్పేవాణ్ణి.

గోడ కట్టిన తీరు

జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేమ్ మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు రెండు పొరలు వేయించాను. మామూలుగా ఒక పొర వేస్తారు. ఒక్క పొర స్పీకర్‌తో పాటు తానూ వణుకుతుంది, అప్పుడు గోడంతా ఒక చెడ్డ స్పీకర్ అవుతుంది. రెండు పొరల జాయింట్లు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి. ఇంకో సంగతి: పొరలు పెరిగితే స్పీకర్ చెవులు అంత మందాన్ని పట్టుకోగలవో లేదో మాన్యువల్ చూడాలి. ఇవి 25 మిల్లీమీటర్లకి సరిపోయాయి.

ఒక్కో స్పీకర్ వెనక 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (నీటికి తట్టుకునే) ప్లైతో బాక్స్. ఈ ప్లై మీద ఐఎస్ 710 ముద్ర చూసి మరీ తీసుకోండి. గోడ వెనక చీకట్లో ఉండిపోయే చెక్క ఇది, చెదపడితే బయటికి కనిపించేసరికి చాలా ఆలస్యమవుతుంది. మాన్యువల్‌లో కనీసం 20 లీటర్లు అడిగారు. లోపలి కొలతలు 33 సెంటీమీటర్ల వెడల్పు, 76 ఎత్తు, 8.8 లోతు. గుణిస్తే 22 లీటర్లు. మాగ్నెట్, అడ్డకట్టెలు తినే చోటు పోను సరిపోతుంది. నడుమ ఉండే, మాటలు ఎక్కువగా పలికే సెంటర్ స్పీకర్‌కి అదే బాక్స్ అడ్డంగా పడుకోబెట్టాం. లోపల రాక్‌వూల్ (రాతి పీచు) గుడ్డలో చుట్టి వదులుగా నింపాం. రాక్‌వూల్ నూగు కోన్‌లోకి పోకూడదు, అందుకే గుడ్డ.

బాక్స్‌కి, కాంక్రీటుకి మధ్య 15 మిల్లీమీటర్లు ఖాళీ వదిలాం. బాక్స్ కాంక్రీటుని తాకితే వణుకు నేరుగా బిల్డింగ్‌లోకి పోతుంది. ఆ గోడకి అవతల మాస్టారి బెడ్‌రూమ్ ఉంది. గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపడంలో 160 మిల్లీమీటర్ల కాంక్రీటు చాలా గట్టిది. దానికి చేతకానిది తనను తాకిన వణుకుని ఆపడమే.

ఇంటీరియర్ డిజైనర్‌తో కాస్త వాదన అయింది. గోడంతా నిలువు గాడులున్న ఫ్లూటెడ్ ప్యానెల్ కప్పేసి, స్పీకర్ల ముందు కూడా అదే రావాలని వాళ్ళ పట్టు. పట్టీల సందుల్లోంచి శబ్దం వస్తుంది కదా అని అడిగారు. బేస్ (లోతైన శబ్దం) వస్తుంది, ట్వీటర్ నుంచి వచ్చే సన్నటి శబ్దాలు పట్టీలకి తగిలి చెదిరిపోతాయి. అప్పుడు "స", "ష" తేడా తెలియదు, మేడమ్ అడిగిన తేటదనం పోతుంది. చివరికి ప్యానెల్ టీవీ వెనక మాత్రమే వేసి, రెండు పక్కలా సాదా గోడ ఉంచి, జాలీలకి గోడ రంగే కొట్టించాం.

ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి

సోఫాలో కూర్చున్నప్పుడు మాస్టారి చెవి నేలనుంచి 39 అంగుళాల ఎత్తులో ఉంది. ముందు రెండు స్పీకర్ల ట్వీటర్లు ఆ ఎత్తుకే పెట్టాం. చెవి నుంచి కొత్త గోడకి పది అడుగులు. డాల్బీ కంపెనీ చెప్పేదాని ప్రకారం ఎడమ, కుడి స్పీకర్లు ఒక్కోటి నడిమి గీత నుంచి 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. గోడ వెడల్పు 12 అడుగులే, మరీ మూలకి తోస్తే బేస్ ఉబ్బుతుంది. రెంటికీ మధ్య ఎనిమిదిన్నర అడుగులు పెడితే 23 డిగ్రీలు వచ్చింది, పక్క గోడకి ఒకటిముప్పావు అడుగు దూరం మిగిలింది. ఇన్-వాల్‌ని స్టాండ్ మీది స్పీకర్‌లా మనవైపు తిప్పలేం. అందుకే తిరిగే ట్వీటర్ ఉన్న మోడల్ ఎంచుకోవడం మంచిది. అదృష్టం కొద్దీ ఆ అబ్బాయి తెచ్చినవాటికి ఉంది.

ఇన్-వాల్ పద్ధతికి ఒక గొప్ప లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. గోడకి రెండడుగుల ముందు నిలబెట్టిన స్పీకర్ నుంచి కొంత శబ్దం వెనక్కి వెళ్ళి, గోడకి కొట్టుకుని, తిరిగొచ్చి ముందుకి పోయే శబ్దాన్ని చంపుతుంది. ఆ దూరానికి 140 హెర్ట్జ్ (సెకనుకి 140 కంపనాలు) దగ్గర గుంట పడుతుంది, అంటే ఆ స్థాయి శబ్దం బలహీనపడుతుంది. మగ గొంతు నిండుదనం ఉండేది సరిగ్గా అక్కడే. గోడలోనే ఉన్న స్పీకర్‌కి వెనక గోడ అన్నదే లేదు కాబట్టి ఆ గుంట రాదు. పెద్ద స్టూడియోల్లో మానిటర్ స్పీకర్లని గోడలో దించి కట్టేది ఇందుకే. ఘంటసాల గొంతు కోసం అడిగిన మనిషికి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి?

అట్మాస్ దగ్గర కొడుకుతో వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. "అన్నా, నాలుగు సీలింగ్ స్పీకర్లు తెచ్చింది అందుకే కదా" అన్నాడు. అతని లెక్క 5.1.4, అంటే చెవి ఎత్తున అయిదు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్, సీలింగ్‌లో నాలుగు. కానీ ఈ హాల్లో సోఫాకి ఒక పక్క గాజు, ఇంకో పక్క ఖాళీ, వెనక డైనింగ్. ఆ అయిదింటిలో పక్కల ఉండాల్సిన రెండు సరౌండ్ స్పీకర్లు చెవి ఎత్తున పెట్టడానికి గోడే లేదు. వాటిని కూడా సీలింగ్‌లో పెట్టాల్సిందే. అట్మాస్ మజా అంతా పక్కనుంచి వచ్చే శబ్దానికీ, పైనుంచి వచ్చే శబ్దానికీ ఉన్న తేడాలోనే ఉంది. ఆరు స్పీకర్లూ నెత్తి మీదే ఉంటే హెలికాప్టర్ పైన ఉందో పక్కన ఉందో చెవికి తెలియదు. ఖర్చు మాత్రం ఆరింటికీ అవుతుంది. ఈ హాలుకి 5.1 చాలు, సీలింగ్‌లో రెండే పెడదాం, సోఫాకి కాస్త వెనగ్గా, ట్వీటర్లు కూర్చునేవాళ్ళ వైపు తిప్పి పెడదాం అన్నాను. అతనికి నచ్చలేదు. "నాన్న వినేది పాటలే అన్నా, సరే" అని చివరికి ఒప్పుకున్నాడు.

సబ్‌వూఫర్ లేకుండా ఇన్-వాల్ మీదే బండి నడుపుదామని చాలామంది అడుగుతారు. ఆరున్నర అంగుళాల కోన్, 22 లీటర్ల బాక్స్ నుంచి 40 హెర్ట్జ్ అంత లోతైన బేస్ ఆశించడం అన్యాయం. ఒక్క సబ్‌వూఫర్ నేలమీద తప్పలేదు. సోఫా పక్క మూలలో, కోన్ కిందికి చూసేదాన్ని తీసుకున్నాం. మనవడి వేళ్ళకి అందదు.

స్పీకర్లని నడిపే యాంప్లిఫైయర్ కూడా అమెరికా నుంచే పంపిస్తానన్నాడు కొడుకు. వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. స్పీకర్లకి ఆ బాధ లేదు, యాంప్‌కి ఉంది. ఇక్కడే వారంటీతో కొన్నాం. వాట్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ స్పీకర్ ఒక వాట్‌కి మీటరు దూరంలో 89 డెసిబెల్స్ (మోత కొలత) ఇస్తుంది. 50 వాట్లకి అది 17 పెరుగుతుంది, మూడు మీటర్ల దూరానికి తొమ్మిదిన్నర తగ్గుతుంది. అంటే ఒక్కో స్పీకర్ నుంచి చెవి దగ్గర సుమారు 96. ఇంట్లో అంత మోత ఎవరూ పెట్టరు.

వైరు, మూత, పరీక్ష

కాంక్రీటులో గాడి కొట్టి పైపు వేసే వీల్లేదు కాబట్టి వైర్లన్నీ కొత్త గోడలోంచి ఫాల్స్ సీలింగ్‌లోకి, 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపుల్లో నడిపించాం. కరెంటు వైర్లకి అడుగు దూరం. 14 గేజ్ రాగి వైరు తెమ్మంటే ఎలక్ట్రీషియన్ ఒక చుట్ట తెచ్చాడు. పైన ఆక్సిజన్ ఫ్రీ కాపర్ అని అచ్చేసి ఉంది, ధర చూస్తే నమ్మబుద్ధి కాలేదు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకాను. ఎర్రటి పూత లేచి కింద తెల్లటి లోహం మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. దీని రెసిస్టెన్స్ అసలు రాగికి ఒకటిన్నర రెట్లుంటుంది, బిగించిన చోట కాలం గడిచేకొద్దీ వదులవుతుంది, పుల్లలా విరుగుతుంది. గోడలో మూసేసే వైరుకి ఇది పనికిరాదు. వెనక్కి పంపి వేరేది తెప్పించాం. మీరూ కొనేముందు అంగడి దగ్గరే ఒక పోగు గీకి చూడండి.

బోర్డులు మూసేముందు ప్రతి బాక్స్, ప్రతి పైపు పక్కన టేపు సాచి ఫొటోలు తీసి మాస్టారి ఫోన్లో వేశాం. రేపు ఎవరో టీవీ బ్రాకెట్‌కి డ్రిల్ పెట్టినప్పుడు ఆ ఫొటోలే కాపాడతాయి. స్పీకర్ కోత లప్పం పని అయ్యాకే కోశాం, ముందు కోస్తే అంచులు పెచ్చులూడతాయి. ఒక్కో స్పీకర్ వైరు చివర ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తాకించి చూశాం. ప్లస్‌కి ప్లస్ కలిస్తే కోన్ బయటికి కదలాలి. ఒకటి లోపలికి కదిలితే ఆ స్పీకర్ మిగతావాటితో పోట్లాడుతుంది, బేస్ మాయమవుతుంది, మనం గోడ మీద అనుమానపడతాం.

తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా టోన్ పెంచుతూ పోయాం. 60 దాటగానే ఎక్కడో జివ్వుమని మోత. స్పీకర్ కాదు, గోడ కాదు. అరచేయి ఆనించుకుంటూ వెతికితే సీలింగ్ అంచున ప్రొఫైల్ లైట్ మీది ప్లాస్టిక్ మూత దొరికింది. వేలు పెడితే ఆగుతోంది, తీస్తే మోగుతోంది. మూత ఊడదీసి లోపల సన్నటి ఫెల్ట్ టేపు అంటించాక పోయింది. ఈ పరీక్ష చేయకుండా తాళాలిచ్చేస్తే, నెల తర్వాత "స్పీకర్ పోయింది" అని ఫోనొస్తుంది.

హాలు మధ్యలో చప్పట్లు కొడితే టింగుమని తోక వినిపించేది. టైల్స్, గాజు, కాంక్రీటు, అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. మేడమ్‌తో చెప్పి సోఫా ముందు దళసరి తివాచీ, గాజు తలుపులకి మడతలెక్కువున్న బరువైన కర్టెన్ వేయించాను. డైలాగ్ తేటపడటానికి మేం చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఈ రెండే. స్పీకర్ మార్చాలనుకునేవాళ్ళు ముందు ఒక తివాచీ అరువు తెచ్చి పరిచి చూడండి.

ఆ తర్వాతే మైక్ పెట్టి యాంప్‌లోని ఆటో కాలిబ్రేషన్ (స్పీకర్లని గదికి తగ్గట్టు తనంతట తానే సర్దే పద్ధతి) నడిపాం. అన్ని స్పీకర్లకీ క్రాసోవర్ 80 హెర్ట్జ్, అంటే అంతకంటే లోతైన శబ్దం సబ్‌వూఫర్‌కి పోతుంది. మెషీన్ సెంటర్‌ని "లార్జ్" అని, అంటే బేస్ అంతా అదే మోయగలదని గుర్తించింది, చేత్తో "స్మాల్" చేశాం. సెంటర్ గొంతులో కాస్త బొంగురు మిగిలింది. అది టీవీ కింద షెల్ఫ్‌కి దగ్గరగా ఉండటం వల్ల. 150 హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ తగ్గిస్తే సర్దుకుంది.

పాత పాటలకి వేరే సెట్టింగ్ చేసిచ్చాను. ఘంటసాల కాలంనాటి రికార్డింగులు చాలావరకు మోనో. రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వస్తుంది, సరిగ్గా నడుమ కూర్చుంటే గొంతు మధ్యలోంచి వస్తుంది, సోఫా చివరికి జరిగితే దగ్గరి స్పీకర్‌లోకి దూకుతుంది. మాస్టారు కూర్చునేది చివరే, కిటికీ వెలుగు కోసం. అందుకే పాటలకి సెంటర్ స్పీకర్ కూడా కలిపి మోగేలా ఒక బటన్ మీద పెట్టాను. సరౌండ్‌లు ఆఫ్. ఆయన మొదట విన్నది బాలమురళి ఆలాపన. విని, "శ్రుతి పెట్టె ఎటుపక్కుందో కూడా తెలుస్తోంది బాబూ" అన్నారు. అది స్టీరియో రికార్డింగ్, అందుకని సెంటర్ తీసేసి వినిపించాను, ఇంకా బాగుందన్నారు. ఇప్పుడు రెండు బటన్లూ ఆయనకి అలవాటే.

జాలీలకి రంగు వేసే పని పెయింటర్‌కి వదిలేయకండి. లోపల అంటించి ఉండే పల్చటి గుడ్డ ముందు ఊడదీయాలి, రంగు పల్చగా కలిపి స్ప్రే చేయాలి, ఆరాక గుడ్డ మళ్ళీ అంటించాలి. బ్రష్ పెడితే చిల్లులు పూడుకుపోతాయి. వానాకాలం దాటాక ఒకసారి వెళ్ళి జాలీలు తీసి, స్పీకర్ స్క్రూలు చూశాం. బోర్డు సర్దుకునేటప్పుడు అవి కొద్దిగా వదులవుతాయి, చేత్తో అర చుట్టు బిగిస్తే చాలు, డ్రిల్‌తో బిగిస్తే చెవులు విరుగుతాయి. మిగిలిన రెండు సీలింగ్ స్పీకర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పూజగదిలో సుప్రభాతానికి ఒకటి పెట్టమని మేడమ్ అడుగుతున్నారు. అక్కడ ఫాల్స్ సీలింగ్ లోతు మూడంగుళాలే, ఈ స్పీకర్ నాలుగున్నర అంగుళాలు అడుగుతుంది. ఇంకాస్త సన్నటిది చూసి చెప్తానన్నాను.